మూడు గుర్రాలు, నాలుగు గోడలు: శాల మార్పు పని డైరీ

ఆగస్టు మొదటి వారం

ఈ ఏడాది మా గుర్రపుశాలను మార్చి కట్టాలని నిర్ణయించుకున్నాను. హైదరాబాద్ పక్కన మొయినాబాద్ వైపు ఎకరంన్నర స్థలం, అందులో నాలుగు గదుల శాల, మూడు గుర్రాలు, శని ఆదివారాల్లో స్వారీ నేర్చుకునే పిల్లలు. ఇదీ మా ప్రపంచం. శాల చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఒక్కో గది 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఏడడుగుల ఇటుక గోడలు, పైన రేకులు, కింద ఊక పరుపు. మన దేశంలో ఎక్కడికి వెళ్లినా కాస్త అటూ ఇటూగా ఇదే నమూనా. వచ్చినవాళ్లు శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళతారు. ఆ శుభ్రమైన గదిలో గుర్రం రోజుకు 20 గంటలకు పైగా ఒంటరిగా నిలబడి ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టదు.

గుర్రాల సంగతి. బాద్షా పందేల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్, విత్తులు తీసిన మగగుర్రం, వయసు 13 ఏళ్లు. తలుపు పై అంచును ముందు పళ్లతో పట్టుకుని, మెడ కండరాలు బిగించి, గొంతులో చప్పుడు చేస్తూ గాలి లాగుతాడు. దీన్ని గుర్రాలవాళ్లు క్రిబ్బింగ్ అంటారు. పై పళ్ల అంచులు అరిగి ఏటవాలుగా అయిపోయాయి. మోతీ మార్వాడీ ఆడగుర్రం, చెవుల కొసలు లోపలికి ఒంపు తిరిగి ఒకదానికొకటి ఆనుకునే జాతి. దాణా వేళ దగ్గరపడితే తలుపు ముందు నిలబడి తలనూ మెడనూ కుడికీ ఎడమకీ ఊపుతూనే ఉంటుంది. ముందు కాళ్ల కింద ఊక చెదిరి నేల కనిపిస్తుంది. గంగ పెళ్లి ఊరేగింపుల్లో పనిచేసి మా దగ్గరికి వచ్చిన తెల్ల గుర్రం. దానికి ఏ చెడ్డ అలవాటూ లేదు. కొత్త పిల్లలు వస్తే తల్లిదండ్రులు దాన్నే అడిగి మరీ ఎక్కిస్తారు.

"గుర్రమంటే గంగలా ఉండాలమ్మా. మిగతా రెండూ మొండివి" అంటాడు గుర్రాల్ని చూసుకునే మా సాయీసు చాచా. నలభై ఏళ్లు గుర్రాల మధ్యే బతికిన మనిషి. నా లెక్క వేరు. స్వేచ్ఛగా మందల్లో తిరిగే గుర్రాల్లో క్రిబ్బింగ్, ఊగడం కనిపించవు. గదిలో పెట్టినప్పుడే పుట్టే పనిని గుర్రం గుణమని ఎలా అంటాం? ఈ ప్రశ్నతోనే పని మొదలుపెడుతున్నాను.

ఆగస్టు చివర

గోడ కూల్చే ముందు ఇప్పుడున్న పరిస్థితి కాగితం మీదికి రావాలి. లేకపోతే రేపు "బాగుపడింది" అని నాకు నేనే నచ్చజెప్పుకుంటాను.

పాత సీసీ కెమెరాలు మూడు గదుల్లోనూ పెట్టించాను. వీడియోను ప్రతి ఐదు నిమిషాల దగ్గర ఆపి, ఆ క్షణాన గుర్రం ఏం చేస్తోందో ఒక మాటలో రాయడం నా పద్ధతి. తింటోంది, నిలబడి ఉంది, పడుకుంది, ఊగుతోంది, కొరుకుతోంది. గడ్డిని తూకం వేసి పెట్టడం, మిగిలింది మళ్లీ తూచడం చాచా పని. ఇంకా, రోజూ ఒకే వేళకు స్టెతస్కోపు పెట్టి గుండె కొట్టుకోవడం లెక్కించడం. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా మామూలు.

కార్టిసాల్ పరీక్ష చేయించమని ఒక మిత్రుడి సలహా. ఒత్తిడి హార్మోను కదా, ఒక్క అంకెతో తేలిపోతుందని. అంత తేలిక కాదు. అప్పటికప్పుడు భయపడిన గుర్రంలో కార్టిసాల్ పెరుగుతుంది, నిజమే. నెలల తరబడి సాగే ఒత్తిడిలో ఆ వ్యవస్థే మందగించవచ్చు. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన పనిలో, బాగోగులు దెబ్బతిన్న లక్షణాలున్న గుర్రాల రక్తంలోనూ లద్దెలోనూ కార్టిసాల్ స్థాయి తక్కువగానే వచ్చింది. కాబట్టి తక్కువ అంకె చూసి గుర్రం హాయిగా ఉందనుకోవడానికి లేదు. ఆ డబ్బు గడ్డి మీద పెడతాను.

కెమెరాల్లో తేలినవి. రోజుకు ఒక్కో గుర్రానికి పడుతున్న ఎండుగడ్డి 5 కిలోలు. సాయంత్రం వేసింది రాత్రి తొమ్మిదికల్లా ఖాళీ. మళ్లీ మేత ఉదయం ఐదున్నరకు. మధ్యలో ఎనిమిదిన్నర గంటలు దవడకు పని లేదు.

ఈ ఎనిమిదిన్నర గంటలే నా కంటికి అసలు దోషి. పచ్చికలో వదిలితే గుర్రం రోజులో 14 నుంచి 18 గంటలు మేస్తుంది. దాని శరీరం ఆ లెక్కకే అమరింది. కడుపు శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, పిత్తాశయం లేదు, తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. మనిషికి అన్నం తలచుకున్నా నోరూరుతుంది. గుర్రానికి నమిలినప్పుడే లాలాజలం వస్తుంది, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు ఆ లాలాజలంలోనే ఉంటుంది. దవడ ఆగితే రక్షణ ఆగుతుంది, ఆమ్లం ఆగదు. కడుపు పై భాగపు పొరకు తనను తాను కాపాడుకునే జిగురు పూత లేదు, అందుకే పుండ్లు ఎక్కువగా అక్కడ పడతాయి. డెన్మార్క్‌లో పందేలతో సంబంధం లేని గుర్రాలను పరీక్షించిన ఒక అధ్యయనం, మేతకూ మేతకూ మధ్య 6 గంటలకు మించి ఎడం ఉన్నచోట పుండ్ల ముప్పు పెరుగుతుందని 2009లోనే చెప్పింది. పందేల శిక్షణలో ఉన్న గుర్రాల్లోనైతే పుండ్లు లేనివే తక్కువ.

బాద్షా కొరుకుడు ఎప్పుడు ఎక్కువో చూశాను. దాణా తిన్న తర్వాతి గంటలో. రోజంతా కలిపినా ఆ ఒక్క గంటలో ఉన్నంత జోరు లేదు. మోతీ ఊగుడు దాణా రావడానికి ముందు, బండి చప్పుడు వినపడగానే. ఇవి ఊహించినవే.

ఊహించనిది గంగ. మిగతా రెండూ రాత్రి ఏదో ఒక వేళ పడుకున్నాయి. గంగ చూసిన రాత్రుల్లో ఒక్కసారి కూడా పడుకోలేదు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, కాళ్ల కీళ్లు తమంతట తాము బిగుసుకుంటాయి. కలల నిద్ర మాత్రం ఒళ్లు పూర్తిగా వదిలేస్తేనే వస్తుంది, దానికి పడుకోక తప్పదు. పగలు కూడా అది గది వెనక మూలకు తిరిగి నిలబడుతుంది. మెడ వీపుతో సమానంగా చాపి ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, చెవులు కదలవు. పక్క గదిలో బాద్షా సకిలించినా ఇది తల తిప్పదు. అదే రెన్ బృందం 2012లో స్వారీ బడుల గుర్రాల్లో ఇలాంటి నిలకడనే వర్ణించింది. వాళ్లు చూసిన గుర్రాల్లో దాదాపు నాలుగో వంతు ఇలా చుట్టూ ఉన్నదానితో తెగతెంపులు చేసుకుని కనిపించాయి. మనిషిలో కుంగుబాటుతో పోల్చదగిన స్థితి ఏమో అన్న ప్రశ్నను వాళ్లు తెరిచి ఉంచారు.

కొరికేవాడూ ఊగేదీ ఏదో ఒక దారి వెతుక్కుంటున్నాయి. వెతకడం మానేసింది గంగ. చాచాకు చూపించాను. చాలాసేపు ఫోను వైపే చూసి, "ఇది నెమ్మది అనుకున్నాను" అన్నాడు.

సెప్టెంబరు

పొరుగు రైతు వచ్చి ఇంత హడావుడి ఎందుకన్నాడు. వేల ఏళ్లుగా మనిషి దగ్గరున్న జంతువు, గదికి అలవాటుపడి ఉండదా అన్నది ఆయన మాట. న్యాయమైన ప్రశ్న, అందుకే రాసుకుంటున్నాను.

ఇవాళ ప్రపంచంలో ఉన్న పెంపుడు గుర్రాలన్నిటి మూలం వోల్గా, దోన్ నదుల దిగువ ప్రాంతపు మైదానాలని 2021లో పురాతన డీఎన్ఏ తేల్చింది. క్రీస్తుపూర్వం 2200 ప్రాంతంలో ఆ వంశం వేగంగా నాలుగు దిక్కులకూ వ్యాపించింది. ఆ వంశంలో మనిషి గట్టిగా ఏరుకున్నట్టు కనిపించే జన్యు స్థానాలు ముఖ్యంగా రెండు. ఒకటి వెన్నెముక బలానికి సంబంధించినది, రెండోది బెదురు తగ్గడానికి. అంటే మోసే వీపు కావాలి, బెదరని బుద్ధి కావాలి. కడుపు సంగతి ఎవరూ అడగలేదు, తోడు కోరే గుణం సంగతీ అడగలేదు. అవి పాతవి పాతగానే ఉన్నాయి. సాక్ష్యం కావాలంటే పెంపకం నుంచి తప్పించుకుని అడవిబడ్డ గుర్రాల్ని చూడాలి. అమెరికా మస్టాంగులైనా ఆస్ట్రేలియా బ్రంబీలైనా ఒక మగగుర్రం, కొన్ని ఆడగుర్రాలు, వాటి పిల్లలుగా మళ్లీ గుంపు కట్టేశాయి. ఆస్ట్రేలియాలో జీపీఎస్ కట్టి చూస్తే అవి రోజుకు సగటున 16 కిలోమీటర్ల దాకా నడుస్తున్నాయి. మన గదిలో 12 అడుగులు.

పైగా గదిలో పెట్టి కట్టేయడం మచ్చికంత పాతది కాదు. చరిత్రలో ఎక్కువ గుర్రాలు పగలంతా నడిచాయి, రాత్రి మేశాయి. రోజుకు గంట పనిచేసి 23 గంటలు గోడ చూసే గుర్రం మన కాలపు వేడుక. పొరుగాయన తల ఊపి, అయితే ఎద్దుకూ ఇదే వర్తిస్తుందా అన్నాడు. దానికి నెమరు వేసుకునే పని ఉందన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబరు చివర, మేత

ముందు గడ్డి. గోడల కన్నా ఇదే కష్టమైంది.

లక్ష్యం రోజుకు ఒక్కో గుర్రానికి 9 కిలోల ఎండుగడ్డి. శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం పొడి మేత ఉండాలన్నది సాధారణ సూత్రం. మా గుర్రాలు 400 కిలోలకు కాస్త పైన, కాబట్టి కనీసం 6 కిలోలకు పైనే పడుతుంది, మిగతాది గంటలు నింపడానికి. బ్రిటన్ పందెపు శాలల మీద 1995లో వచ్చిన ఒక సర్వేలో, మేత రోజుకు 6.8 కిలోలకు తగ్గినచోట ఇలాంటి అసహజ ప్రవర్తన పెరిగింది. మా 5 కిలోలు ఎక్కడ ఉన్నాయో చెప్పనక్కర్లేదు.

ఏ గడ్డి? చుట్టుపక్కల పాడి రైతులందరి దగ్గరా సూపర్ నేపియర్ దొరుకుతుంది, చవక కూడా. గేదెకు మంచిదే, గుర్రానికి అదొక్కటే పెడితే ముప్పు. నేపియర్‌లో ఆక్సలేటు ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. దానికి తోడు మన అలవాటు తవుడు, అందులో భాస్వరం ఎక్కువ. రెండూ కలిస్తే శరీరం ఎముకల్లోంచి కాల్షియం తోడుకుంటుంది, చివరికి ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. పచ్చి జొన్న, సుడాన్ గడ్డి కూడా వద్దు. గుర్రాల్లో మూత్రాశయం దెబ్బతిని, వెనక కాళ్లు తడబడే జబ్బు వాటివల్ల వస్తుంది. వరిగడ్డిలో సత్తువ లేదు. మిగిలింది గరిక, ఎండు రోడ్స్ గడ్డి, కొద్దిగా లూసర్న్. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ, కడుపులో ఆమ్లాన్ని కాస్త విరుస్తుందన్న లాభమూ ఉంది. మేత ఖర్చు సగానికి సగం పెరిగింది. లెక్కల పుస్తకంలో ఆ వరుసను ఎర్ర సిరాతో రాసుకున్నాను.

దాణా తగ్గించడం దగ్గర చాచాతో పెద్ద చర్చే జరిగింది. ఉడికించిన ఉలవలు, బార్లీ, తవుడు. ఇది ఆయన తండ్రి నాటి కొలత. "ఉలవలు లేని గుర్రం గుర్రమేనా అమ్మా?" అన్నాడు. ఉలవలతో నాకు పేచీ లేదు, పేచీ బార్లీతో, తవుడుతో. పిండిపదార్థం ఎక్కువైతే కడుపులో ఆమ్లం, పేగులో పులుపు పెరుగుతాయి. బ్రిటన్‌లో 225 పిల్లగుర్రాలను నాలుగేళ్లు వెంట ఉండి చూసినప్పుడు, పాలు మాన్పించాక దాణా పెట్టిన పిల్లల్లో క్రిబ్బింగ్ ముప్పు నాలుగింతలైంది. అది మొదలైన సగటు వయసు ఐదు నెలల లోపే. బాద్షా కథ ఎక్కడ మొదలై ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తల్లి నుంచి వేరుచేయడం, దాణా తొట్టి, రెండేళ్లు నిండకముందే శిక్షణ.

చివరికి కుదిరిన ఒప్పందం: ఉలవలు ఉంటాయి, తవుడు పోతుంది, బార్లీ క్రమంగా తగ్గి సగమవుతుంది, అదీ మూడు పూటలకు పంచి, ముందు గడ్డి తిన్నాకే. మేత మార్పు మెల్లగా, రెండు వారాలకు తక్కువ కాకుండా సాగాలి. పెద్దపేగులోని సూక్ష్మజీవులకు కొత్త మేతకు మారడానికి ఆ వ్యవధి కావాలి, తొందరపడితే కడుపుశూల ఖాయం.

గడ్డి త్వరగా అయిపోకుండా 4 సెంటీమీటర్ల కన్నాల వలలు తెప్పించాను. వేలాడదీస్తే గుర్రం మెడ ఎత్తి తినాలి, అది దాని ఒంటి తీరుకు విరుద్ధం. నేలమీద వదిలేస్తే నాడా చిక్కుకుంటుంది. వడ్రంగి చేత నేలమీద పెట్టే లోతైన చెక్కపెట్టెలు చేయించి, వలను పెట్టె అడుగున కట్టాం. ఇప్పుడు సాయంత్రం వేసిన గడ్డి రాత్రి ఒంటిగంట దాటాక కూడా ఉంటోంది.

బాద్షాకు ముందే పుండ్లు ఉన్నాయేమో చూద్దామంటే 3 మీటర్ల గొట్టం ఉన్న ఎండోస్కోపు కావాలి. మా పశువైద్యుడు లక్షణాలు చూసి, తన లెక్క ప్రకారం ఆమ్లాన్ని తగ్గించే మందు ఒమెప్రజోల్ మొదలుపెట్టించారు. మోతాదు ఆయన నిర్ణయం, నేను ఇక్కడ రాయను.

అక్టోబరు మొదట, మెడపట్టీ వాదన

బాద్షాను చూసిన ఒక స్వారీ శిక్షకుడు మెడకు బిగించే పట్టీ సూచించాడు. గొంతు కింద లోహపు ముక్కతో నొక్కుతుంది, గాలి లాగలేడు, మానేస్తాడు. చాచాకూ నచ్చింది. గాలి పొట్టలోకి పోయి శూల వస్తుందన్న భయం ఆయనది. ఎక్స్‌రే తీసి చూసినవాళ్లు గాలి చాలావరకు అన్నవాహిక పై భాగం దాకే పోయి తిరిగి బయటికి వస్తుందని చెప్పారు. శూలకూ క్రిబ్బింగ్‌కూ సంబంధం ఉన్నమాట నిజమే, రెండిటి వెనకా ఒకే కారణం ఉండే అవకాశమూ అంతే ఉంది.

పట్టీ వేసి కొంతకాలం ఆపి, తర్వాత తీసేస్తే గుర్రం మునుపటికన్నా ఎక్కువగా కొరుకుతుందని 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది. అంటే లోపలి అవసరం అలాగే పేరుకుంటోంది. చిహ్నాన్ని ఆపి కారణాన్ని వదిలేసే పని నాకు ఒప్పు కాదు. పట్టీ కొనలేదు. తలుపు అంచుకు మాత్రం పళ్లు అరగకుండా మందపాటి రబ్బరు కొట్టించాం.

అక్టోబరు, గోడ

మేస్త్రీ వచ్చాడు. గదుల మధ్య గోడల్లో ఛాతీ ఎత్తు నుంచి పైకి నాలుగడుగుల వెడల్పున తెరిచి, గుండ్రటి ఇనుప కడ్డీలు బిగించాలని మొదటి ఆలోచన. కడ్డీల మధ్య నుంచి చూపు పోతుంది కానీ మూతి పోదు. నాకు మూతి పోవాలి. అందుకని సగం భాగంలో కడ్డీలు, సగం భాగంలో తల, మెడ పట్టేంత ఖాళీ ఉంచాం. దెబ్బలాడుకుంటే మూసేయడానికి ఒక జారుడు చెక్క. మేస్త్రీకి ఇది అర్థం కాలేదు. "కిటికీ పెట్టమంటారు, తలుపు పెట్టమంటారు, ఇదేమిటి?" అన్నాడు. పని మాత్రం చక్కగా చేశాడు, అంచులన్నీ గుండ్రంగా రుద్ది పెట్టాడు.

చూపు ఒక్కటే చాలదా? కొంతవరకు చాలుతుంది. ఊగే గుర్రాలకు నాలుగు వైపులా చూసే వీలిస్తే ఊగడం తగ్గిందని 2000లో ఒక బ్రిటిష్ బృందం చూపింది, గదిలో అద్దం పెట్టినా తగ్గిందని తర్వాత ఇంకో పరిశోధన. అద్దంలో నీడను తోడు అనుకోవాల్సినంత ఒంటరితనం అది. చవకైన ఉపాయమే, నిజమైన గుర్రం పక్కనే ఉండగా నేను అద్దం కొనను. తాకడానికి వేరే విలువ ఉంది. కమార్గ్ గుర్రాల మీద ఫ్రాన్స్‌లో 1993లో చేసిన పని ప్రకారం, ఒకదాని మూపును ఇంకొకటి గీకినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. వేరే చోట గీకితే తగ్గదు. గుర్రాలు ఒకదాన్నొకటి గీక్కునేది ఎక్కువగా ఆ చోటే.

మోతీ, బాద్షా మొదటి రోజు కీచుమని అరుచుకుని కాళ్లు కొట్టుకున్నాయి. రెండు మూడు రోజుల్లో గడ్డి పెట్టెలు రెండూ ఆ గోడ సందు పక్కకే జరిపించుకున్నట్టు అక్కడే నిలబడి తింటున్నాయి. గంగ తన వైపు సందు దగ్గరికి వచ్చింది, వాసన చూసింది, మళ్లీ మూలకు పోయింది. అయినా వచ్చిందని రాసుకున్నాను.

నవంబరు, ట్రాక్

పొలం మధ్యలో పచ్చిక వదిలేసి, అంచు చుట్టూ 15 అడుగుల వెడల్పు దారి. ఒక చివర నీళ్లు, దానికి దూరంగా గడ్డి పెట్టెలు, ఇంకో మలుపులో వేపచెట్ల నీడ, దొర్లడానికి ఇసుక గుంట. ఏది కావాలన్నా నడవాలి. అమెరికాలో మొదలైన ఈ ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. గొప్పగా ఏమీ ఉండదు, స్థలం తక్కువున్నవాళ్లకు బాగా పనికొస్తుంది.

ఉన్న ముళ్లకంచె మొత్తం తీయించాం. గుర్రం బెదిరితే ముందు పరుగెత్తుతుంది, ఆలోచన తర్వాత. ముళ్లతీగ కాళ్ల నరాల్ని తెగ్గోస్తుంది. సర్వీ గుంజలు, తెల్లటి వెడల్పు పట్టీ, బ్యాటరీతో నడిచే కంచె యంత్రం. పట్టీ వెడల్పుగా తెల్లగా ఉండటం ముఖ్యం, సన్నతీగ గుర్రం కంటికి ఆనదు.

ఎప్పుడు వదలాలన్నదే మన వాతావరణంలో చిక్కు. పగలు జోరీగలు. అవి కుట్టడమే ఒక హింస, పైగా సుర్రా అనే రక్తపు రోగాన్ని మోసుకొచ్చేవి అవే. బయట తిప్పడమే మంచిదని పగలంతా ఈగల్లో నిలబెడితే ఒక ఒత్తిడి తీసి ఇంకోటి పెట్టినట్టే. అందుకని సాయంత్రం నాలుగున్నర నుంచి తెల్లారేదాకా బయట, ఎండ వేళ శాలలో, గోడ సందు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పాముల భయం చాచాది. దారి పక్క గడ్డి నున్నగా కోయించి, గట్టు కన్నాలు పూడ్పించి, రాత్రి ఒక దీపం ఉంచాం.

కలిపే ముందు వెనక కాళ్ల నాడాలు మూడిటికీ తీయించాను. తన్నుకున్నా ఎముక విరగకుండా. ముందు మోతీ, బాద్షా. తర్వాత గంగ. పరుగులు, అరుపులు, ఒక చిన్న గాటు మోతీ తొడ మీద. ఆశ్చర్యం ఏమిటంటే, మంద పెత్తనం గంగ చేతికి పోయింది. నీళ్ల తొట్టి దగ్గర చెవులు వెనక్కి వాల్చితే చాలు, పందెపు గుర్రం పక్కకు తప్పుకుంటుంది. మూలలో నిలబడిన గంగ ఇదేనా అని చాచా కంచె దగ్గర నిలబడి నవ్వుతూనే ఉన్నాడు.

జనవరి, మళ్లీ కొలతలు

అదే కెమెరాలు, అదే ఐదు నిమిషాల పద్ధతి. బయట చీకట్లో కొంత భాగం కనిపించదు, ఆ మేరకు లెక్కలో లోటు ఉంది.

మోతీ ఊగడం దాదాపు పోయింది. దాణా బండి వచ్చే వేళ మాత్రం ఇంకా రెండు మూడు ఊపులు. బాద్షా రాత్రి కొరకడం బాగా తగ్గింది, దాణా తర్వాతి గంట మాత్రం పెద్దగా మారలేదు. ఇది పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు. ఏళ్ల తరబడి క్రిబ్బింగ్ చేసిన గుర్రాల మెదడులో, డోపమైన్ అనే సందేశ రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు మారిపోయి ఉంటాయని 2005లో బ్రిటిష్ పరిశోధకులు చూపారు. కారణం తొలగినా దారి చెరగదు. అందువల్ల పాత గుర్రం కొరుకుతోంది కాబట్టి ఇప్పటి యజమాని సరిగా చూడటం లేదని తేల్చడం తప్పు, మానలేదు కాబట్టి మార్పులన్నీ దండగనడమూ అంతే తప్పు. వాడి గుండె వేగం కొద్దిగా తగ్గింది, బరువు పెరిగింది, లద్దె బాగుంది. ఒమెప్రజోల్ డాక్టరు గారు మెల్లగా తగ్గించి ఆపేశారు.

గంగ పడుకుంటోంది. ఇసుక గుంటలో పూర్తిగా పక్కకు వాలి, మిగతా రెండిట్లో ఒకటి నిలబడి ఉండగా. ఎవరో ఒకరు కాపలా ఉంటే తప్ప పడుకోలేని జంతువును ఇన్నేళ్లు ఒంటరి గదిలో పెట్టి, పడుకోదేమని ఎవరూ అడగలేదు.

దీని తర్వాతి సంగతే చాలామందికి నచ్చదు. గంగ "చెడిపోయింది". జీను తెస్తే చెవులు వెనక్కి వేస్తుంది. పట్టీ బిగిస్తుంటే తల తిప్పి పళ్లు చూపుతుంది. ఒక పాప ఎక్కాక నడవనని నిలబడిపోయింది. "స్వేచ్ఛ ఇచ్చి పాడుచేశారు" అని ఒక తండ్రి మర్యాదగానే అన్నారు.

డాక్టరు గారిని పిలిచి వీపు చూపించాను. వెన్నుపూసకు రెండు పక్కలా వేళ్లతో నొక్కితే కుంగిపోయింది, కండరం గట్టిపడి ఉంది. జీను దానికి ఇరుకు, మూపు మీద రెండు వైపులా నొక్కుతోంది. ఊరేగింపు రోజుల బరువైన అలంకారపు జీనుల నాటి నుంచీ ఉన్న నొప్పి కావచ్చని ఆయన అంచనా. అంటే నొప్పి కొత్తది కాదు. చెప్పడం కొత్త. ఆగస్టులో దాని వీపు నొక్కినా చెవి కూడా కదిపేది కాదేమో. రెన్ బృందమే స్వారీ బడుల గుర్రాల్లో మనుషుల పట్ల కోపానికీ వెన్ను సమస్యలకూ సంబంధం ఉందని ఎప్పుడో రాసింది. బడిలో కోపిష్టి అనిపించుకున్న గుర్రం నొప్పి చెబుతుండవచ్చు, బంగారం అనిపించుకున్నది చెప్పడం మానేసి ఉండవచ్చు. పిల్లల కోసం నెమ్మదైన గుర్రం కావాలనే మనం ఈ రెండో రకాన్నే ఏరి ఏరి కొంటున్నాం.

ఆ తండ్రికి వీపు సంగతి చెప్పాను. పాపకు కూడా చూపించాను. ఎక్కడ నొక్కితే నొప్పో తెలిశాక ఆ పిల్ల మూపు దగ్గర గీకడం నేర్చుకుంది, గంగ కింది పెదవి వేలాడేసి నిలబడింది. ఆయన ఆ నెల రుసుము వెనక్కి అడగలేదు.

ఫిబ్రవరి

గంగకు స్వారీ పూర్తిగా ఆపాం. పిల్లలు దానితో చేత్తో పట్టుకుని నడవడం, తోమడం, గిట్టలు శుభ్రం చేయడం నేర్చుకుంటున్నారు. ఎక్కే పాఠాలు మోతీ మీద, సంఖ్య సగానికి తగ్గించి. ఆదాయం తగ్గింది. మేత ఖర్చు పెరిగింది. నాలుగో గది అద్దెకు ఇమ్మని ఒకాయన అడిగారు, గుర్రం మందలో కలిసి తిరగాలి, ఒంటరిగా కట్టేయడానికి ఇవ్వను అన్నాను. ఆలోచించి చెబుతానన్నారు.

ఎండాకాలం ముంచుకొస్తోంది. ట్రాక్‌లో వేపచెట్ల నీడ ఒక వైపే ఉంది, మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటితే చాలదు. శాల రేకుల కింద తాటాకు పందిరి, రెండో నీళ్ల తొట్టి, ఉప్పు గడ్డలు. కంచె యంత్రానికి సోలార్ పలక. కొత్త జీను కొలతకు మనిషి వచ్చే నెల వస్తాడు, గంగకు కాదు, మోతీకి. మోతీ వీపు కూడా ఒకసారి నొక్కి చూడమని డాక్టరు గారికి చెప్పాను. బాద్షా పళ్లు అరగదీయించాలి. చాచా మేనల్లుడి పెళ్లికి తెల్ల గుర్రం కావాలట, గంగను పంపమని ఇంట్లోవాళ్లు అడిగారట. నా దాకా రాకముందే ఆయనే కారు మాట్లాడి పెట్టాడు.